ఊగని బరువు

పోయిన వారం మనం ధర్మరాజుని ఉక్కు కంపెనీ ఆఫీసులో పెద్ద గుమాస్తా బడాబాబు బల్ల ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, అక్కడ అతను చేసిన పని చిన్నదేమీ కాదు. ఇన్నేళ్ళుగా నడుపుతున్న క్రేను దిగిపోతానని, తన బదులు కొడుకు ఆదిబాబుని పనిలో పెట్టుకోమని చెప్పి సంతకం పెట్టేశాడు. జంషెడ్‌పూర్‌లో ఇది కొత్త కాదు. తండ్రి దిగితే కొడుకు ఎక్కుతాడు, ఇంట్లో పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. ఈ నెలాఖరుతో ధర్మరాజు ఉద్యోగం సరి. కొడుకు కంపెనీ డాక్టరు పరీక్షలో నెగ్గితే ఒకటో తారీకు నుంచి ఆ ఇంటికి సంపాదించేవాడు వాడే. నెగ్గకపోతే ఏమిటన్నది ధర్మరాజు ఆలోచించలేదు. గుర్రంలాంటి కుర్రాడు, ఎందుకు నెగ్గడు?

ఈ సంగతి భార్య భద్రమ్మకి తెలియదు. మొన్ననే పద్దెనిమిది నిండిన కొడుక్కీ తెలియదు. "అప్రెంటీసులని తీసుకుంతన్నారు, ఎల్లి డాక్టరుకి సూపించుకో" అని మాత్రమే వాడితో అన్నాడు. ఆ పరీక్ష ఇవాళ పొద్దున.

ఎందుకు దాచావయ్యా అంటే, చెప్పడమూ ఒక పనే కదా. చెబితే భద్రమ్మ ఏడుస్తుంది, ఊరుకోబెట్టాలి. ఎందుకు దిగావని అడుగుతుంది, జవాబు చెప్పాలి. జవాబు లేక కాదు. మొన్న ఎండలు ముదిరే ముందు ఒక మధ్యాహ్నం, కింద మనుషులు పని చేసుకుంటూ ఉండగా, పైన మీట మీద అతని చెయ్యి రెప్పపాటు ఆలస్యమైంది. కొక్కేనికి వేలాడుతున్న ఇనప దిమ్మ వాళ్ళ నెత్తుల మీదుగా ఒక్క ఊపు ఊగి ఆగింది. కింద ఎవరూ తలెత్తి చూడలేదు. ధర్మరాజు చూశాడు. ఆ తరవాత ఇంకోసారి కూడా అలాగే అయింది. చెయ్యి తన మాట వినడం లేదని అతనికి అర్థమైపోయింది. ఎవరి ప్రాణమో తీయకముందే దిగిపోవాలి. ఇదంతా భార్యకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

ఇవాళ పొద్దుటి షిఫ్టు రెండింటికి దిగింది. తెల్లారి ఆరింటి నుంచీ ఛప్రా నుంచి వచ్చిన ఒక బీహారీ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, కొడుకు పని నేర్చుకునేదాకా నడపమని తన క్రేను వాడికి అప్పజెబుతూనే ఉన్నాడు. నేర్పడం నడపడం కన్నా కష్టం. గేటు బయట సైకిలు తీసి ఇల్లున్న భుయ్యాడీహ్ వైపు తొక్కుతుంటే, నది మీంచి వచ్చే గాలి కూడా కొలిమి ముందు నిలబడ్డట్టే ఉంది. జూన్ నెల, వాన జాడ లేదు. అతని మనసులో ఉన్నది ఒకే ఒక్క మాట. నెగ్గినావేట్రా? అది అడిగి, జవాబు విని, ఇన్ని నీళ్ళు నెత్తిన పోసుకుని పడుకోవాలి. అంతకుమించి ఆ పూటకి అతనికి ఏ కోరికా లేదు.

సందులోకి తిరిగేసరికి గుమ్మం ముందు ఎవరివో ఆడవాళ్ళ చెప్పులు కనిపించాయి. భద్రమ్మవి కావు. ధర్మరాజు ఒళ్ళంతా నీరసం ముంచుకొచ్చింది. చుట్టాలైతే పలకరించాలి కదా మరి.

"ఒచ్చినావా మావా," అని భద్రమ్మ ఎదురొచ్చింది. "డేన్సు మేడమ్ గారు. నీ కోసమే ఎప్పట్నుంచో కూకున్నారు."

ముందు గదిలో ఉన్న ఒక్క కుర్చీలో గౌరీదేవి కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. నీరుకావి నూలు చీర, నెత్తిన చిన్న ముడి. నడుం నొప్పి ఉన్నవాళ్ళు కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. అసలు నొప్పే ఉందో, ఆ మనిషి అలవాటే అదో చెప్పడం కష్టం. గడప మీద భద్రమ్మ తమ్ముడు వరహాలు బీడీ ఆర్పుకుని చెవిలో పెట్టుకుంటున్నాడు. పక్కిల్లే వాడిది. ధర్మరాజు పనిచేసే షెడ్డులోనే కింద ఖలాసీ, అంటే క్రేను కొక్కేనికి బరువులు తగిలించి విప్పేవాడు. ఇవాళ వాడికి వారపు సెలవు, ఊసుపోక అక్క గుమ్మంలో కూలబడ్డాడు.

ఆదిబాబు లోపలి గది తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు నేల మీద ఉన్నాయి.

అడుగుదామంటే పరాయి మనిషి ఎదురుగా ఉంది. ధర్మరాజు ఆవిడకి దండం పెట్టి, బూట్లు విప్పుకుని, గోడకి చేరబడి నేల మీద కూర్చున్నాడు.

"అలిసిపోయి వచ్చారు ధర్మరాజు గారూ. ముందు మంచినీళ్ళు తాగండి. నా మాట ఎక్కడికీ పోదు," అంది గౌరీదేవి.

ఈవిడ సంగతి కొంచెం చెప్పుకోవాలి. గౌరీదేవిది వాల్తేరు. తండ్రి ఉద్యోగరీత్యా కలకత్తాలో ఉన్నప్పుడు ఒక ఇంగ్లీషు దొరసాని దగ్గర బాలే నేర్చుకుంది. బాలే అంటే మువ్వలూ ముద్రలూ ఉండే మన నాట్యం కాదు. మాట ఉండదు, పాట ఉండదు. వెనక పియానో మోగుతుంటే గాల్లోకి లేచి, కాలి వేళ్ళ మీద వాలి, కథ మొత్తం ఒంటితోనే చెప్పాలి. పెళ్ళి చేసుకుని జంషెడ్‌పూర్ వచ్చాక సోనారిలో ఒక పాత క్లబ్బు హాల్లో పిల్లలకి అది నేర్పడం మొదలుపెట్టింది. పిల్లలంటే ఆడపిల్లలే. ఏటేటా ప్రదర్శనకి ఒక రాకుమారుడు కావాలి. ఏటేటా ఎవరో ఒక పొడుగుపాటి అమ్మాయికి కాటుకతో మీసం దిద్ది స్టేజీ ఎక్కించేది. రెండో రంగం వచ్చేసరికి చెమటకి ఆ మీసం గడ్డం దాకా కారేది. చూసేవాళ్ళు నవ్వేవాళ్ళు. అలా మీసాలు దిద్దీ దిద్దీ విసుగెత్తి, ఇక మగపిల్లల్నే పట్టుకొస్తానని ఒకరోజు బయలుదేరింది.

మొదట ఆఫీసర్ల బంగళాలకి వెళ్ళింది. అక్కడ అబ్బాయిలందరికీ ట్యూషన్లు. భాలుబాసాలో తెలిసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళింది. టీ ఇచ్చారు, ఆవిడ గేటు దాటగానే పకపకా నవ్వుకున్నారు, ఆ నవ్వు ఆవిడకి వినబడింది కూడా. చివరికి భుయ్యాడీహ్‌లో ఏటి గట్టున కుర్రాళ్ళు ఫుట్‌బాల్ ఆడుకునే చోట తేలింది. దుకాణంలో ఒక గ్లాసు టీ తీసుకుని, నేను ఈ టీ తాగేదాకా ఒంటికాలి మీద కదలకుండా నిలబడేవాడికి కొత్త బంతి కొనిస్తానంది. ఆవిడ టీ తాగడం ఎంత నిదానమో అక్కడ ఎవరికీ తెలియదు. ఒక్కొక్కడే కూలిపోయాడు. ఆదిబాబు మాత్రం నిలబడ్డాడు. ఆవిడ రెండో గ్లాసు తెప్పించుకుంది. అప్పటికీ వాడు నిలబడే ఉన్నాడు.

ఆ బంతినే ఎరగా చూపి వాళ్ళందరినీ హాల్లోకి తోలుకెళ్ళింది. కాళ్ళకి బలం వస్తుంది, గోల్స్ కొట్టొచ్చని చెప్పింది. అబద్ధమేమీ కాదు. కానీ కుర్రాళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తారు? మీసం మొలవగానే ఒకడు మానేశాడు. ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ గుండెలు బాదుకుంటే ఇంకొకడు మానేశాడు. ఒంటికి అతుక్కునే పొడుగు మేజోళ్ళు తొడుక్కోమన్న రోజున ముగ్గురు ఒక్కసారే కిటికీలోంచి దూకి పారిపోయారు. ఆదిబాబు ఒక్కడు మిగిలాడు. ధర్మరాజుకి ఇది తెలియకపోలేదు. కాళ్ళకి మంచిదట కదా అని ఊరుకున్నాడు. వద్దనాలన్నా ఓపిక ఉండాలి మరి.

అతను చెంబెడు నీళ్ళూ తాగి చెంబు కింద పెట్టేదాకా ఆగి గౌరీదేవి మొదలుపెట్టింది.

"కలకత్తాలో మాతో నేర్చుకున్నవాళ్ళు ఒక బృందం పెట్టారండీ. మగపిల్లలు దొరక్క అల్లాడుతున్నారు. మీవాడి సంగతి చెబితే పంపించమన్నారు. రెండేళ్ళు నేర్పుతారు. తిండీ, పడకా వాళ్ళవే. ఎల్లుండి ఆదివారం రైల్లో నేనే తీసుకెళ్ళి దిగబెడతాను. మీరు ఊఁ అంటే చాలు."

"ఊఁ అంటే ఏటవుద్దో నేను సెప్తాను మేడమ్ గారూ," అన్నాడు గడప మీంచి వరహాలు. "మా మేనల్లుడు ఆ మేజోళ్ళేసుకుని కలకత్తాలో ఎగురుతుంటే, ఈడికి పిల్లనెవులిత్తారు? ఆడంగోడంతారు."

"నీకిచ్చినారు గదరా పిల్లని," అంది భద్రమ్మ తమ్ముడి వైపు తిరక్కుండానే. "అమ్మోరి జాతరకి ఒంటినిండా పసుపురంగు పూసుకుని, గోచీ ఎట్టుకుని, ఎనకాల తోక కట్టుకుని మనూరు ఇచ్ఛాపురం అంతా ఎగిరినావు. పులేసం కట్టినోడికి పిల్ల దొరికినప్పుడు మా గుంటడికి దొరకదేటి? ఆ మేజోళ్ళు నయం. ఒళ్ళయినా కప్పుతాయి."

"అది మొక్కప్పా!"

"మొక్కయితే సిగ్గుండదేటి?"

ఇంకో రోజైతే ధర్మరాజు కూడా నవ్వేవాడే. ఇవాళ నవ్వు మొహం దాకా రాలేదు. అతను కొడుకునే చూస్తున్నాడు. వాడు తలెత్తడం లేదు.

భద్రమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుని గౌరీదేవి ఎదురుగా నేల మీద చతికిలబడింది. "సిగ్గూ ఎగ్గూ కాదు మేడమ్. ఒక్కగానొక్క గుంటడు. రెండేళ్ళు గెంతినాక ఏటవుతాడు? అది సెప్పండి."

గౌరీదేవికి ఈ ప్రశ్న కొత్త కాదు. ఇలాంటి గదుల్లో, ఇలాంటి తల్లుల ముందు ఆవిడ ఎన్నిసార్లు కూర్చుందో. మొదట్లో విదేశాలనీ, పతకాలనీ చెప్పేది. ఇప్పుడు అవేవీ నోటికి రావడం లేదు.

"తెలీదమ్మా. మోకాళ్ళు బాగుంటే ముప్పై, ముప్పై అయిదేళ్ళు వచ్చేదాకా ఆడతాడు. తరవాత నాలాగే ఎక్కడో పిల్లలకి నేర్పుకుంటాడు. వాళ్ళని పంపండి, వీళ్ళని పంపండి అని ఇళ్ళ చుట్టూ తిరుగుతాడు." ఆవిడ తలుపు దగ్గరున్న కుర్రాణ్ణి చూపించింది. "కానీ నేను ఇన్నేళ్ళలో ఇలాంటి పిల్లవాణ్ణి చూడలేదు. వీడు గాల్లోకి లేస్తే కిందికి రావడానికి తొందరపడడు. అది నేర్పితే వచ్చేది కాదు. నాకూ రాలేదు."

ధర్మరాజుకి ఆ మనిషి మీద మొదటిసారి జాలి లాంటిది కలిగింది. ఈవిడా నాలాగే అలిసిపోయిందే అనుకున్నాడు. ఇక ఉండబట్టలేక కొడుకు వైపు తిరిగాడు.

"ఒరే ఆదీ, పొద్దున్న ఎల్లినావా?"

"హాఁ అయ్యా, గయా థా," అన్నాడు వాడు. ఇంట్లో తెలుగులో ఏది అడిగినా వాడి జవాబు హిందీలోనే. బడీ, వీధీ, ఆటా అంతా అదే వాడికి.

"ఏటన్నాడు డాక్టరు?"

"బాద్ మే బోల్తా హూఁ." తరవాత చెబుతానని, వాడు గోళ్ళు చూసుకోవడం మొదలుపెట్టాడు.

"ఏటంతాడు, పాసంతాడు," అంది భద్రమ్మ.

"ఏం డాక్టరు? ఆదికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది గౌరీదేవి.

"కంపినీ డాక్టరమ్మా. అప్రెంటీసుకి తీసుకుంతన్నారు," అన్నాడు ధర్మరాజు.

గౌరీదేవి ఆదిబాబు వైపు చూసింది. వాడు ఈ మాట తనతో చెప్పలేదని ఆవిడ మొహంలోనే తెలిసిపోయింది. కంపెనీ ఉద్యోగం ఎదుట కలకత్తా బృందం ఎంత? ఆవిడకి ఆ ఊరి సంగతి తెలుసు. కుర్చీ చేతుల మీద బరువు మోపి మెల్లగా లేచింది.

"అయితే నేను ఆలస్యంగా వచ్చానన్నమాట." గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగింది. "ధర్మరాజు గారూ, మీవాడు ఏం నేర్చుకున్నాడో మీరు ఒక్కసారీ చూడలేదు. పంపకపోయినా పరవాలేదు. చూడండి, చాలు. ఆదీ, ఇటు రా. అమ్మని ఎత్తు."

"నన్నా? ఓలమ్మో!" భద్రమ్మ గోడ దాకా జరిగిపోయింది.

"మా దగ్గర అమ్మాయిల్ని ఎత్తుతాడమ్మా. వాళ్ళ కన్నా మీరే సన్నం. రండి."

బతిమాలి, చెయ్యి పట్టి లాగి, మొత్తానికి ఆవిణ్ణి గది మధ్యకి తెచ్చారు. కొంగు నడుం చుట్టూ బిగించి దోపించింది గౌరీదేవి. ఆదిబాబు తల్లి వెనక నిలబడి రెండు చేతులూ ఆవిడ నడుం మీద వేశాడు. ఇప్పటిదాకా గోళ్ళు చూసుకుంటున్న కుర్రాడు ఎక్కడికి పోయాడో. వీపు నిలువుగా నిలిచింది. ఊపిరి నిదానంగా సాగింది. "అమ్మా, డర్ మత్," భయపడకని చెవిలో అన్నాడు. మోకాళ్ళు కొద్దిగా వంచాడు.

మరుక్షణం భద్రమ్మ తల దూలం దగ్గరుంది.

ఆవిడ కెవ్వుమంది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. తరవాత వేళ్ళ సందుల్లోంచి కిందికి చూసింది. తన ఇల్లు, తన పొయ్యి, తన బిందెలు, ఇంతెత్తు నుంచి ఆవిడ ఎన్నడూ చూసి ఉండదు. ఆదిబాబు మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. పైనుంచి నవ్వు మొదలైంది. భద్రమ్మ అలా నవ్వడం ధర్మరాజు పెళ్ళైన కొత్తలో విన్నాడు, మళ్ళీ ఇప్పుడు విన్నాడు. 

అయితే అతని కళ్ళు భార్య మొహం మీద లేవు. క్రేను నడిపేవాడి చూపు బరువు మీద ఉంటుంది. ఎత్తడం ఎవడైనా ఎత్తుతాడు, దించడంలోనే ఉంది అసలు పని. కొడుకు తల్లిని దించడం మొదలుపెట్టాడు. కుదుపు లేదు. మధ్యలో ఆగి మళ్ళీ సాగడం లేదు. ముందు కాలివేళ్ళు నేలకి ఆనాయి, తరవాత మడమలు ఆనాయి. ఆవిడ చేతి గాజు కూడా చప్పుడు చేయలేదు. ఇటు కానీ అటు కానీ ఒక్క వెంట్రుకవాసి ఊగలేదు.

ధర్మరాజుకి ఏడుపొచ్చింది. రెండు నెలలుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి పోయినట్టయింది. గౌరీదేవి చూపించింది ఒకటి, అతను చూసింది ఒకటి. ఆవిడ ఒక నాట్యగాణ్ణి చూపించింది. అతను చూసింది మాత్రం ఆ షెడ్డులో ఎన్నడూ పుట్టని క్రేను డ్రైవర్ని. తండ్రుల బుద్ధి అలాగే ఉంటుంది, ఎవర్ని ఏమనగలం?

"సూసినావా భద్రీ, ఊగనేదు!" అన్నాడు. గోడ పట్టుకుని, మోకాలి మీద చెయ్యి వేసి, రెండు విడతలుగా లేచి నిలబడ్డాడు. "మేడమ్ గారూ, మీకు దండం. ఈ గుంటడు నెగ్గుతాడో నేదోనని లోపల పీకుతా ఉండేది. బెంగ తీరిపోనాది. ఈడి చేతిలో ఎంత బరువున్నా కిందోళ్ళకి బయం నేదు."

"ఏటంతన్నావు మావా?" అంది భద్రమ్మ, ఇంకా ఆయాసపడుతూ.

చెప్పడం అంత సులువని అతను అనుకోలేదు. దానంతట అదే వచ్చేసింది. "నేను దిగిపోనానే. మొన్న బడాబాబు కాడ సంతకం ఎట్టేసినాను. ఒకటో తారీకు నుంచి నా క్రేను ఈడిదే."

భద్రమ్మ మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, అలాగే ఉండిపోయింది. వరహాలు చెవిలోంచి బీడీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎవుల్నడిగి దిగినావు?" అంది భద్రమ్మ. "నాకు ఒక్క ముక్క సెప్పనేదే. ఇన్నేళ్ళ కాపురం, ఒక్క ముక్క సెప్పడానికి నోరు రానేదా?"

ఆ మాట పూర్తవుతుండగానే ఆదిబాబు ఉన్నచోటే నేల మీదికి జారి కూర్చున్నాడు. 

"అయ్యా, ఆప్ నే నౌకరీ ఛోడ్ దీ?"

"ఒదల్నేదురా. నీకిచ్చినాను."

ఆదిబాబు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. కంపెనీ డాక్టరు దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. రంగురంగుల చుక్కల మధ్య అంకెలుంటాయి. ఎర్ర దీపానికీ పచ్చ దీపానికీ తేడా తెలియనివాణ్ణి క్రేను ఎక్కించరు కనక, ఆ అంకెలు చదివిస్తారు. "సబ్ గలత్ బోల్ దియా," అన్నాడు వాడు నేలకేసి చూస్తూ. "జాన్ బూఝ్ కే."

భద్రమ్మకి ఆ హిందీ అర్థం కాకపోలేదు. పాతికేళ్ళుగా ఆ వీధిలోనే కూరలు బేరమాడుతోంది. అయినా ఏటన్నాడు, ఏటన్నాడు అని మొగుణ్ణీ తమ్ముణ్ణీ అడిగింది. చివరికి వాడే తల్లి వైపు తిరిగి, అలవాటు లేని మాటలు కూడబలుక్కున్నాడు.

"తప్పు సెప్పినానమ్మా. అంకెలన్నీ కనబడినాయి. కనబడనేదని సెప్పినాను. అన్‌ఫిట్ అని రాసేసినారు."

"ఎందుకురా?" అన్నాడు ధర్మరాజు. కోపం లేదు అందులో. కోపానికి కావలసినంత బలం అతని దగ్గర లేదు.

"నీ నౌకరీ ఎలాగూ ఉంది గదా అనుకున్నాను. డాక్టరే వద్దంటే నువ్వేటీ అనవు గదా, కలకత్తా ఎల్లమంతావు గదా అనుకున్నాను."

ఇంతే జరిగింది. ఒకరి మేలు ఒకరికి తెలియకుండా చేసుకున్నారు, రెండూ వచ్చి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. భద్రమ్మ కళ్ళు ఒత్తుకుంది. గౌరీదేవి గుమ్మం పట్టుకుని నిలబడి, "ఆదీ, నాతో ఒక్క మాట చెప్పి ఉంటే నేనే నిన్ను ఆపేదాన్ని," అంది. ఆపేదో, లేదో. ఆవిడకే ఆ మాట మీద నమ్మకం ఉన్నట్టు లేదు.

ముందుగా తేరుకున్నవాడు వరహాలు.

"ఇందులో ఏడుపెందుకప్పా?" అని గడప మీంచి లేచాడు. "నెలాఖరు ఇంకా రానేదు గదా. గుంటడు పనికిరాడన్నారు గాబట్టి బావ కాయితం చెల్లదు. పేరు బావదే ఉంటాది. మొన్న మా షెడ్డులో అప్పలసూరి కొడుక్కీ ఇలాగే అయినాది. మర్నాడు అప్పలసూరే ఎల్లి, బాబూ నేను దిగనని సెప్పినాడు, అయిపోనాది. ఇప్పటికీ డ్యూటీ సేత్తన్నాడు. బావకింకా సర్వీసు బోలెడుంది."

ఆ మాటతో గదిలో గాలి తిరిగింది. భద్రమ్మ కొంగు వదిలి మొగుడి వైపు చూసింది. "నిజమేనా మావా?"

నిజమే. బడాబాబు కూడా ఆ రోజు అదే చెప్పాడు, ధర్మరాజు చెవిన పెట్టలేదు.

"నిజమే," అన్నాడు.

"అయితే మరేటి? రేపెల్లి సెప్పేయి. నువ్వు క్రేనెక్కు, ఆడ్ని మేడమ్ గారి వెంట ఎల్లనీ." ఆవిడ గొంతులో ఇందాకటి నవ్వు మళ్ళీ కొంచెం తొంగిచూసింది. "నన్నెత్తినట్టు ఎవుల్నైనా ఎత్తుతాడు గుంటడు. ఎల్లనీ మావా."

ఆదిబాబు తల పైకెత్తాడు. పొద్దుటి నుంచీ మొదటిసారి తండ్రి కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో ఉన్న ఆశ చూస్తే ధర్మరాజుకి భయమేసింది. ఒక్క మాట చాలు. ఎక్కలేనురా, నా చెయ్యి పోయింది, రెండుసార్లు దిమ్మ ఊగింది. ఆ ఒక్క మాట అంటే వాడు లేచి కంపెనీ డాక్టరు దగ్గరికి పరిగెత్తుతాడు, అంకెలన్నీ చదువుతాడు, ఆదివారం రైలు వాడు లేకుండా వెళుతుంది. గదిలో ఉన్న నలుగురూ అతని నోటికేసి చూస్తున్నారు.

"సరేనే," అన్నాడు. "రేపు ఎక్కుతాను. ఆడ్ని ఎల్లనీ."

భద్రమ్మ టీ నీళ్ళు పెట్టడానికి లేచింది. ఆదిబాబు తండ్రి పాదాల మీద పడి, అక్కడే ఉండిపోయాడు. వాడి వీపు ఎగసెగసి పడుతోంది. ధర్మరాజు వాడి తల మీద చెయ్యి వేశాడు, వేసి వెంటనే తీసేశాడు. ఆ చెయ్యి వణుకుతోంది.

గౌరీదేవి అది చూసింది. ఒళ్ళు చూసి మనిషిని చదవడమే ఆవిడ బతుకంతా చేసిన పని. ఇందాక అతను గోడ పట్టుకుని లేవడమూ చూసింది.

"ధర్మరాజు గారూ, మీరు నిజంగా ఎక్కగలరా?" అంది, మిగతావాళ్ళకి వినబడకుండా.

"పాతికేళ్ళుగా ఎక్కుతన్నానమ్మా."

అది తను అడిగినదానికి జవాబు కాదని ఆవిడకి తెలుసు. ఇంకో ప్రశ్న అడగొచ్చు. అడిగితే ఇన్నేళ్ళకి దొరికిన ఒక్క పిల్లవాడూ చేజారిపోతాడు. ఆవిడ వంగి చెప్పులు తొడుక్కుంది. "ఆదివారం పొద్దున్నే ఆటో తీసుకుని వస్తాను," అని ఆదిబాబుతో చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా సందులోకి దిగిపోయింది.

వరహాలు నవ్వుతూ వచ్చి బావ భుజం మీద చెయ్యి వేశాడు.

"రేపు పొద్దున్న నన్నూ లేపు బావా, ఇద్దరం కలిసే ఎల్దాం. రేపట్నుంచి నన్ను నీ కొక్కెం కిందకే ఏసినారు."